నల్లకోడికి ఉడతచారల పిల్ల

నేను నల్లగా ఉంటాను. ముందే చెప్పేస్తున్నాను. సగం చదివాక ఎవరూ కొత్తగా కనిపెట్టినట్టు సంబరపడక్కర్లేదు. మామూలు నలుపు కాదు. కరెంటు పోయినప్పుడు మా ఆవిడ "ఏదీ, ఒకసారి నవ్వండి, ఎక్కడున్నారో చూస్తాను" అనేంత నలుపు. ఏడో తరగతిలో బడికి దండం పెట్టేశాను. బడి కూడా నాకు తిరిగి దండం పెట్టిందని తర్వాత విన్నాను. అక్కణ్ణుంచి నా చదువంతా కోళ్ల దగ్గరే. కోళ్లు మంచి పంతుళ్లు. తప్పు చేస్తే అక్కడికక్కడే పొడుస్తాయి, ఏడాది ఆఖరున మార్కులు వెయ్యవు.

ఇప్పుడు కోళ్లఫారాల్లో పనికి చేరుతున్న కుర్రాళ్లు నన్ను చూసి, "బాబాయ్, మీ రోజుల్లో ఎలా ఉండేది?" అంటారు. వాసన ఇదే, జీతమే వేరు అంటాను. నవ్వి వెళ్లిపోతారు. వెళ్లకుండా నిలబడ్డవాళ్లకి మాత్రం ఈ సంగతి చెబుతాను. నిలబడండి మరి.

విజయవాడ నుంచి నూజివీడు వెళ్లే దారిలో, మామిడితోటల మధ్య ఉండేది మా ఫారం. తొంభైల చివరి మాట. గుడ్ల కోసం పెంచే తెల్లకోళ్లు, షెడ్డు తర్వాత షెడ్డు. పొద్దున్నే తలుపు తీస్తే పిండి ఆరబోసినట్టుండేది. అలాంటి చోట మా యజమాని పెద్దాయనకి ఒకసారి నల్లకోళ్ల మీద మనసు పోయింది. చుట్టాలింటికని నాగాయలంక వైపు వెళ్లాడట. సముద్రం మీదికి పోయేవాళ్లు గంగమ్మకి నల్లకోడిని మొక్కుకుని, అలాంటిది దొరక్క ఊరూరా తిరుగుతున్నారట. నల్లకోడంటే ఉత్త నల్లకోడి కాదు. మెడలోనో రెక్కకిందో ఒక్క ఎర్ర ఈక కనిపించినా అమ్మవారికి పనికిరాదు. ఇల్లు చేరగానే పెద్దాయన, "మనమే పెంచుదాం. ఒక్క ఈక కూడా తప్పు లేని నల్లజాతి" అన్నాడు. నాలుగు ఊళ్లు తిరిగి నల్లపుంజుల్నీ నల్లపెట్టల్నీ కొనుక్కొచ్చాడు. మామిడితోట వైపున్న చివరి షెడ్డు వాటికిచ్చాడు.

ఆ షెడ్డు ఎవరికి అప్పజెప్పాలన్న మాట వచ్చినప్పుడు అందరూ ముందే మాట్లాడుకున్నట్టు నా వైపే చూశారు.

"నాకే ఇవ్వండి. నన్ను చూసి మేనమామ వచ్చాడనుకుంటాయి" అన్నాను.

నన్ను ఎవరో అనేలోపు నేనే అనేసుకుంటాను. అప్పుడు ఎదుటివాడి చేతిలో రాయి మిగలదు. ఇది కోళ్ల దగ్గర నేర్చుకున్నది కాదు, మనుషుల దగ్గర నేర్చుకున్నది.

నల్లషెడ్డులో మేతా నీళ్లూ ఊకా నా పని. గుడ్లు ఏరే పని ఒకావిడది. అందరూ ఆవిణ్ణి గుడ్లక్క అనేవాళ్లు. నాకంటే చిన్నదే, అయినా నేనూ అలాగే పిలిచేవాణ్ణి. ఆవిడ నన్ను అన్నా అనేది. చెయ్యి ఎంత మెత్తనో నోరు అంత గట్టి. ఆవిడ పెట్టె దగ్గర చెయ్యి పెడితే పెట్ట లేవను కూడా లేచేది కాదు, కాస్త పక్కకి జరిగేదంతే. మొగుడు తాటిచెట్టు మీంచి పడ్డాక కర్ర సాయంతో నడిచేవాడు. ఫారం లోపలే పనివాళ్ల క్వార్టర్లలో ఒక గదిలో ఉండేవాళ్లు. గుడ్లు ఏరిన కూలితోనే ఆ ఇల్లు నడిచేది.

ఇక మా మేనేజరు. పెద్దాయన బావమరిది. కోళ్లఫారానికి రోజూ ఇస్త్రీ తెల్లచొక్కా, తెల్లప్యాంటు వేసుకొచ్చే మనిషిని మీరెప్పుడైనా చూశారా? నేను చూశాను. అందుకే మేమంతా ఆయన్ని తెల్లచొక్కా అనేవాళ్లం, వెనకాల. నల్లషెడ్డంటే ఆయనకి మొదట్నించీ చిరాకు. పెద్దాయన తనని అడక్కుండా పెట్టించాడన్న కోపం కోళ్లమీద చూపించేవాడు. మొదటి విడత పిల్లలు పొదిగి బయటికొచ్చినప్పుడు వాటి పొట్టలు తెల్లగా ఉన్నాయని, "ఇవన్నీ కల్తీ, తీసి పారెయ్యండి" అన్నాడు. నల్లజాతి పిల్లకి పుట్టినప్పుడు పొట్టకింద తెలుపు ఉండటం మామూలే, ఈకలు మారేటప్పుడు ఆ తెలుపూ నల్లబడుతుంది. టీకాలకి స్కూటరు మీద వచ్చే పశువుల డాక్టరమ్మ ఆ వేళకి రాబట్టి సరిపోయింది. "అయ్యో, ఇవే అసలైనవండీ! నెల ఆగి చూడండి" అని ఆపింది. నెల ఆగితే బొగ్గుల్లా తయారయ్యాయి. తెల్లచొక్కా మాత్రం, "ఇబ్రహీంపట్నం కరెంటు ఫ్యాక్టరీ బూడిద ఇంతదూరం వచ్చి పడుతోందనుకుంటా" అన్నాడు. ఓడిపోయానని ఒప్పుకోవటానికి ఆయనకి వచ్చిన భాష అదొక్కటే.

రెండు విడతలు బాగానే పోయాయి. ఆ తర్వాత ఒక రోజు, గుడ్లు పొదిగించే హ్యాచరీలో ట్రేలు బయటికి లాగుతున్నాం. నల్లటి పిల్లల మధ్య ఒకటి గోధుమరంగుది. వీపు మీద ఉడతకున్నట్టు చారలు. పక్క ట్రేలో ఇంకోటి. ఆ పక్కన మరోటి.

"ఇదేంటి?" అన్నాడు తెల్లచొక్కా.

"కోడిపిల్లండీ" అన్నాను.

"అది నాకూ తెలుసు. ఈ రంగేంటి? నల్లపుంజు, నల్లపెట్ట. మధ్యలో ఈ ఉడత ఎక్కణ్ణుంచొచ్చింది?"

నాకు నిజంగానే తెలియదు. తల గోక్కున్నాను. ఆయన గోక్కోలేదు. ఆయన బుర్రలో జవాబు అప్పటికే పొదిగి పిల్లయిపోయింది. మా ఫారంలో ఒక కట్టడి ఉండేది, ఇప్పటికీ ఏ ఫారంలోనైనా ఉంటుంది: పనివాళ్లు ఇంట్లో కోడిని పెంచకూడదు. ఇంటి కోడి తెగులు ఫారానికి అంటుకుంటుందని. గుడ్లక్క క్వార్టరు వెనకాల మాత్రం ఒక నాటుపెట్ట ఉండేది. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ చూడనట్టుండేవాళ్లం. ఆ పెట్ట వెనకాల అప్పుడు తిరుగుతున్న పిల్లల వీపుల మీద కూడా అచ్చం ఇలాంటి ఉడతచారలే.

తెల్లచొక్కా క్వార్టర్లదాకా వెళ్లి చూసొచ్చాడు. వచ్చి హ్యాచరీ గుమ్మంలో, ఆడవాళ్లూ మగవాళ్లూ అందరూ ఉండగా అన్నాడు.

"మన నల్లగుడ్లు ఊళ్లో అమ్ముకుని, వాటి బదులు నాటుగుడ్లు ట్రేలో పెడుతోంది. దొంగ."

"కోడి ఉంది" అంది గుడ్లక్క. "అది తప్పే. గుడ్డు మాత్రం మార్చలేదు."

"పెంచకూడని కోడిని పెంచినదానివి, మార్చకూడని గుడ్డుని మార్చవా?"

నాటుకోడి ఉంది, ఉడతపిల్ల ఉంది, గుడ్లు ఏరే చెయ్యి ఒక్కటే ఉంది. ఏ పంచాయతీలో పెట్టినా ఆవిడ మీదే పడుతుంది. నెలాఖరుకి క్వార్టరు ఖాళీ చెయ్యమన్నాడు. దొంగ అన్న పేరుతో పోతే చుట్టుపక్కల ఏ ఫారంలోనూ పని దొరకదు. మేత లారీ ఎన్ని ఫారాలు తిరుగుతుందో కబురూ అన్ని ఫారాలు తిరుగుతుంది.

ఆ వారం డాక్టరమ్మ వచ్చినప్పుడు స్కూటరు స్టాండు కూడా వెయ్యనివ్వకుండా అడిగాను. "అమ్మా, నలుపుకీ నలుపుకీ ఎరుపు పుడుతుందా?"

"పుడుతుంది, ఎందుకు పుట్టదు?" అంది. మేత బస్తా మీద కూర్చుని ఓపిగ్గా చెప్పింది. ప్రతి కోడికీ రంగు రెండు పాళ్లుగా వస్తుంది, తండ్రి నుంచి ఒకటి, తల్లి నుంచి ఒకటి. రెండూ నలుపైతే కోడి నలుపు. ఒకటి నలుపూ ఒకటి ఎరుపూ అయినా పైకి నలుపే. ఎరుపు లోపలే ఉండిపోతుంది.

"అంటే మోతుబరీ, పాలేరూ అన్నమాట" అన్నాను. "ఇద్దరూ ఒకింట్లో ఉంటే మాట్లాడేది మోతుబరే. పాలేరు నోరు మూసుకుంటాడు గానీ చచ్చిపోడు."

ఆవిడ నవ్వింది. "అలాగే అనుకో. అలాంటి పుంజూ అలాంటి పెట్టా కలిస్తే, తండ్రి నుంచీ పాలేరే వచ్చి తల్లి నుంచీ పాలేరే వచ్చిన పిల్ల కొన్నిసార్లు పుడుతుంది. నాలుగింట ఒకటి అనుకో."

"ఇద్దరు పాలేళ్లు ఒకచోట చేరితే ఇక వాళ్ల మాటే చెల్లుతుందన్నమాట."

"అదే నీ ఉడతపిల్ల."

డాక్టరమ్మ వెళ్లి ఇదంతా తెల్లచొక్కాకి చెప్పింది. ఆయన, "ఇవన్నీ పుస్తకాల మాటలండీ, నేను కళ్లతో చూసిందే నమ్ముతాను" అన్నాడు. "అయితే ఒక నల్లపుంజుని ఎర్రపెట్టలతో కలిపి చూద్దాం, దానిలో ఎరుపు దాగుంటే సగం పిల్లల్లో బయటపడుతుంది" అందావిడ. "ఎర్రతల్లికి ఎర్రపిల్ల పుడితే వింతేముంది?" అన్నాడు. ఆయన మాటా కొట్టెయ్యటానికి లేదు. కళ్లతో చూసే మనిషికి కళ్లకి కనిపించే సాక్ష్యమే కావాలి.

నేను పెద్దాయన దగ్గరికి వెళ్లాను. చేతులు కట్టుకోలేదు. "అయ్యా, నల్లపుంజునీ నల్లపెట్టల్నీ ఒక గదిలో పెట్టి తాళం వెయ్యండి. తాళంచెవి మేనేజరు గారి జేబులోనే ఉంచండి. గుడ్లు ఆయన్నే ఏరమనండి. ఉడతపిల్ల పుట్టలేదా, గుడ్లక్కతోపాటు నేనూ పోతాను. పుడితే మాత్రం ఆవిణ్ణి దొంగ అన్న నోరే కాదు అనాలి."

పెద్దాయన నా వైపు తిరిగాడు. "నువ్వెందుకురా మధ్యలో?" అన్నాడు.

"ఆ షెడ్డుకి మేనమామని కదండీ."

"సరే కానివ్వండి. తేలేదాకా ఆవిడ గుడ్లు ముట్టుకోకూడదు, క్వార్టరూ ఖాళీ చెయ్యక్కర్లేదు" అన్నాడు.

ఇక్కడే అసలు చిక్కు. పెట్టలు బోలెడు కాబట్టి కొన్నిట్లోనైనా పాలేరు ఉంటాడు గానీ, గదిలో పెట్టే పుంజు ఒక్కటే. షెడ్డులో పుంజులు చాలా ఉన్నాయి. వాటిలో లోపలా పైనా నలుపే ఉన్నవీ ఉంటాయి. అలాంటిది పడితే ఎన్ని గుడ్లు పొదిగినా ఉడత పుట్టదు. గుడ్లక్క బతుకు పోయినట్టే. ఒక పుంజుకి మాత్రం మెడ ఈకల్లో సన్నటి ఎర్రతీగలాంటి గీత ఉండేది. లోపల పాలేరున్న పుంజుకి కొన్నిసార్లు అలా బయటికి తొంగిచూస్తుందని డాక్టరమ్మ అంది. "గ్యారంటీ ఏం లేదు సుమా" అని కూడా అంది. నాకా పుంజే కావాలి. అయితే పుంజుని ఎంచేది తెల్లచొక్కా. ఆయన షెడ్డులోకొచ్చి నెమలిపింఛంలా మెరిసే ఒక పుంజు ముందు ఆగాడు. దాని మెడలో వెతికినా ఎరుపు లేదు.

"మంచిదాన్నే పట్టారు. అదే కానివ్వండి" అన్నాను హుషారుగా. "దాని పక్కదైనా సరే. ఏదైనా సరే గానీ, ఆ మూల మెడలో ఎర్రతీగ ఉన్నదాన్ని మాత్రం వద్దండి."

"ఏం? ఎందుకు వద్దు?"

"ఊరికే అన్నానండి."

"ఊరికే ఎవడైనా అంటాడా?" ఆయన మూలకి నడిచాడు. "నీ చేతిలో ఏదో పేక ఉంది. నేను దాన్నే తీసుకుంటా. పెట్టలు కూడా దాని చుట్టూ తిరిగేవే."

"మీ ఇష్టమండి" అని మొహం వేలాడేశాను. వేలాడెయ్యటంలో నాకు మంచి అలవాటుంది, బడిలో నేర్చుకున్న విద్య అదొక్కటే.

కొత్త గదిలో పెట్టాక మొదటి రెండు వారాల గుడ్లు లెక్కలోకి తీసుకోవద్దంది డాక్టరమ్మ. పెట్ట పాత పుంజుని అంతదాకా మరిచిపోదట. మనుషుల సంగతి ఆవిడ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ తర్వాత మొదలైంది మేనేజరు గారి కష్టం. రోజూ తాళం తీసి, తెల్లచొక్కాతో ఆ పెట్టెల్లో చేతులు పెట్టాలి. గుడ్లక్క చేతికి లేవని పెట్టలు ఆయన చేతిని చూడగానే లేచి పొడిచేవి. పెద్ద ఆకారం కోళ్లు కొన్ని ఆయన భుజమెక్కి తమ అభిప్రాయం అక్కడే రాసేవి. మేము చుట్టూ నిలబడి, "అయ్యో, నీళ్లు తెమ్మంటారా?" అని మర్యాదగా అడిగేవాళ్లం. ఎవరూ గుడ్డు మార్చకుండా ఉండాలని ప్రతి గుడ్డు మీదా పెన్సిలుతో సంతకం చేసేవాడు. మామూలు సంతకమా అది! కింద రెండు గీతలూ ఒక చుక్కా ఉండే బ్యాంకు సంతకం. ఒకరోజు విసుగొచ్చి ఖాకీచొక్కాలో వచ్చాడు. అలవాటు లేని రంగు చూసి పెట్టలన్నీ ఒక్కసారిగా పైకెగిరాయి. మర్నాడు మళ్లీ తెలుపే.

గుడ్లక్కని ఊక ఎత్తే పనిలో పెట్టారు. బుట్ట నెత్తిన పెట్టుకుని నా షెడ్డు ముందునుంచి పోయేది, నా వైపు చూసేది కాదు. ఒకరోజు బుట్ట కింద పెట్టి నిలబడింది.

"నా బతుకు తీసుకెళ్లి పుంజు మెడలో కట్టావు కదన్నా."

"మెడలో ఎర్రతీగ ఉందిగా. సరిగ్గా అక్కడే కట్టాను."

"రాకపోతే?"

"రాకపోతే మనిద్దరం విజయవాడ బెంజిసర్కిల్లో గారెలు అమ్ముకుందాం."

"నీ చేతి గారెలు ఎవడు తింటాడు? అవీ నల్లగానే వస్తాయి." నవ్వబోయింది. నవ్వు రాలేదు. "మా ఆయన రాత్రిళ్లు నిద్రపోవట్లేదు. 'నిజం చెప్పు, నాకైనా చెప్పు' అంటున్నాడు. ఆ మాట అన్నాక ఇంట్లో ఎలా ఉండాలో చెప్పు నువ్వు."

నాకు జోకు దొరకలేదు. నా జీవితంలో అలాంటి సందర్భాలు తక్కువ.

"మంగళవారం మా ఊరి అమ్మోరికి మొక్కాను, శనివారం గుణదల మేరీమాత కొండెక్కి కొవ్వొత్తి వెలిగించాను. ఎవరికి ముందు వినపడితే వాళ్లు చూస్తారు" అని బుట్ట ఎత్తుకుంది. నేనే ఎత్తి నెత్తిన పెట్టాను.

గుడ్లు పొదిగే మిషన్లో పెట్టారు. మిషన్ గదికీ తాళం, ఆ తాళంచెవీ తెల్లచొక్కా జేబులోదే. మూడు వారాలు నిండి పిల్లలు దిగే రోజు వచ్చింది. ఫారంలో సగం పని ఆగిపోయింది. పెద్దాయన కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. డాక్టరమ్మ పనేమీ లేకపోయినా వచ్చింది. తెల్లచొక్కా కొత్త చొక్కా వేసుకొచ్చాడు, మడతల గీతలు ఇంకా పోలేదు. గుడ్లక్క లోపలికి రాలేదు. తనని దొంగ అన్నారే, ఆ గుమ్మంలోనే నిలబడింది. పక్కన కర్ర పట్టుకుని మొగుడు.

తెల్లచొక్కా మొదటి ట్రే లాగాడు. అన్నీ నలుపే. పొట్టలు తెలుపు, వీపులు బొగ్గు.

రెండో ట్రే. అన్నీ నలుపే.

తెల్లచొక్కా నా వైపు చూసి, "మేనమామా, సామాను సర్దుకున్నావా?" అన్నాడు. మగాళ్లలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. వాళ్లెవరో నాకు గుర్తుంది. పేర్లు రాయను, వాళ్లకీ గుర్తుంటుంది.

నాకు నేను ధైర్యం చెప్పుకోలేదు, ఊరికే ట్రే వైపు చూస్తూ నిలబడ్డాను. మూడో ట్రే లాగాడు. పైనంతా నలుపు. వాటి కింద ఒకటి అప్పుడే పెంకులోంచి బయటపడి, తడి ఆరక ఒరిగి ఉంది. చెయ్యి పెట్టి తీశాను. గోధుమరంగు. వీపు నిడివినా ఉడతచారలు. సగం పెంకు ఇంకా వెనకాల అంటుకునే ఉంది. ఆ పెంకు మీద సంతకం, కింద రెండు గీతలు, ఒక చుక్క.

పిల్లని అలాగే తీసుకెళ్లి గుమ్మం దగ్గర గుడ్లక్క అరచేతిలో పెట్టాను. ఆవిడ పెంకుని తిప్పి చూసింది. తర్వాత అక్కణ్ణుంచే, గొంతు పెంచకుండా అడిగింది.

"బాబుగారూ, ఈ సంతకం మీదేనాండీ?"

ఆ ట్రేలో ఇంకా దొరికాయి. తర్వాతి దాంట్లోనూ దొరికాయి. "మిషన్ దగ్గర ఎవడో..." అని మొదలెట్టాడు తెల్లచొక్కా. మిషన్ చూసే అతను నోట్లో నాలుక లేని మనిషి. అతను కూడా, "తాళంచెవి మీ జేబులోనే ఉందండీ" అన్నాడు. పెద్దాయన పెద్దగా నవ్వేసి కుర్చీలోంచి లేచి వెళ్లిపోయాడు. అందరికీ నవ్వుతో అయిపోయిందనిపించింది. తెల్లచొక్కాకి కూడా.

"సరే సరే, రేపట్నించి ఆవిణ్ణి గుడ్లకి రమ్మను" అన్నాడు. నాతో అన్నాడు. ఆవిడ నాలుగడుగుల దూరంలో ఉంది.

"రాను" అంది గుడ్లక్క.

మర్నాడు పొద్దున్న గుడ్లక్క క్వార్టరు గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుకుంటోంది. నల్లషెడ్డులో గుడ్లు ఎవరూ తియ్యలేదు. పక్క షెడ్డు ఆవిణ్ణి పంపితే, "ఈ రోజు నాకు నడుము నొప్పండీ" అంది. దాని పక్క షెడ్డావిడకీ నడుము నొప్పే. మధ్యాహ్నానికి ఫారంలో ఆడవాళ్లందరికీ నడుములు పట్టేశాయి. నాకూ పట్టేసింది, నేను గుడ్లు ఏరకపోయినా. తెల్లషెడ్లలో గుడ్లు గుట్టలు పడి కోళ్లు తొక్కుతున్నాయి. తియ్యకపోతే చూడటానికి ఎంత భయంగా ఉంటాయో ఆ రోజే తెలిసింది. రోజూ ఆ చేతులు తీస్తున్నాయన్న సంగతి కూడా చాలామందికి ఆ రోజే తెలిసింది.

పెద్దాయన కబురంపాడు. గుడ్లక్క వెళ్లింది, వెనకాల మేమంతా.

"ఇంకేం కావాలమ్మా? తేలిపోయిందిగా?" అన్నాడు.

"పుంజు తేల్చిందయ్యా. మనుషులు తేల్చలేదు. దొంగ అన్న చోట, అన్న నోటితో, అప్పుడున్న వాళ్లందరి ముందు, కాదనాలి."

పెద్దాయన బావమరిది వైపు చూశాడు. ఇంటి మర్యాద ఒకవైపు, తొక్కుడు పడుతున్న గుడ్లు ఒకవైపు. గుడ్లు బరువయ్యాయి. అందరం మళ్లీ హ్యాచరీ గుమ్మం దగ్గరికి నడిచాం. తెల్లచొక్కా గొంతు సవరించుకుని, పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూస్తూ, "నువ్వు దొంగవి కాదు" అన్నాడు.

"ఫ్యాను దొంగ కాదని మాకూ తెలుసండీ" అంది గుడ్లక్క. "నా వైపు చూసి చెప్పండి."

చూశాడు. చెప్పాడు. ఆవిడ మొగుడు కర్ర గోడకి ఆనించి కళ్లు తుడుచుకున్నాడు. ఆవిడ తుడుచుకోలేదు. కొంగు నడుముకి దోపి, బుట్ట తీసుకుని షెడ్డులోకి పోయింది. మా అందరి నడుములూ ఒక్కసారిగా బాగుపడ్డాయి.

నాటుకోడి సంగతి మిగిలింది. కట్టడి మంచిదే, మందలోకి తెగులు వస్తే ఏ సంతకమూ ఆపదు అని డాక్టరమ్మే చెప్పింది. ఆ ఆదివారం గుడ్లక్క కోడికూర వండి అందరికీ పంచింది. తెల్లచొక్కాకి కూడా ఒక గిన్నె పంపింది. తిన్నాడు. గిన్నె మాత్రం కడగకుండా పంపాడు. మనిషి ఎంత మారాలో అంతే మారతాడు.

ఎర్రతీగ పుంజుకి ఇక ఆ షెడ్డులో చోటు లేదు. లోపల ఎరుపున్నదాన్ని జాతికి ఉంచకూడదు కదా. నిజం చెప్పిన సాక్షికి మన దగ్గర ఏం జరుగుతుందో దానికీ అదే జరిగింది: బదిలీ. కూచిపూడి దగ్గర ఒక రైతుకి ఇచ్చేశాం. ఆ తర్వాత డాక్టరమ్మ చెప్పినట్టే ప్రతి నల్లపుంజునీ ముందు ఎర్రపెట్టలతో కలిపి, దాపరికం లేదని తేలాకే మందలో ఉంచాం. కొన్నేళ్లకి మా నల్లకోళ్లలో వెతికినా ఎర్ర ఈక దొరికేది కాదు. నాగాయలంక వాళ్లు బుట్టలతో వచ్చి పట్టుకెళ్లేవాళ్లు. ఉడతచారల పిల్లలు మాత్రం పుట్టటం మానేశాయి. అప్పుడప్పుడు వాటిమీద బెంగ కలిగేది నాకు.

కుర్రాళ్లూ, ఇక్కడిదాకా నిలబడ్డారు కాబట్టి ఇంకొక్కటి చెబుతాను. ఫారం ప్లాట్లయిపోయి, నేను ఇంట్లో కూర్చున్నాక, మా మనవరాలు పుట్టింది. మా అమ్మాయి వాళ్లమ్మ పోలిక, తెలుపు. అల్లుడూ తెలుపే. పిల్ల మాత్రం నా రంగు, ఒక చుక్క కూడా తగ్గలేదు. మనుషుల రంగు కోళ్లంత తేలిగ్గా తేలదని డాక్టరమ్మ ఎప్పుడో చెప్పింది, అది నాకు గుర్తుంది. అయినా బారసాల రోజున వియ్యపురాలు ఉయ్యాలలోకి చూసి, పదిమందిలో, "ఇదెవరి రంగోనమ్మా, మా వైపు ఎవరూ ఇలా లేరు" అంది. మా అమ్మాయి తల వంచుకుంది. నాకు నోటికొచ్చిన జోకులన్నీ ఒకేసారి రావటంతో గొంతులో ఇరుక్కున్నాయి.

బారసాలకి వచ్చిన గుడ్లక్క లేచింది. జుట్టు నెరిసిపోయింది, నడక మాత్రం అదే. ఉయ్యాలలోంచి పిల్లని తీసుకుని సరాసరి నా దగ్గరికొచ్చింది. నా చెయ్యి పట్టుకుని లాగి, ఆ పసిచెయ్యి పక్కన పెట్టింది.

"వదినగారూ, దగ్గరికొచ్చి చూసుకోండి" అంది. "ఈ సంతకం మా అన్నదే."